కుడివైపు కింది మూల

చిజురుకి ఒక్కటే బాధ. తను వేసిన బొమ్మ దేశమంతా తిరుగుతోంది. తన పేరు మాత్రం వీధి చివరిదాకా కూడా వెళ్లడం లేదు.

ఒసాకాలో గొడుగులు బాగుచేసే ఒక దుకాణం ఉంది. దాని మీది మేడగదిలో కుజుమి అనే ముసలి చిత్రకారుడు ఉండేవాడు. చిజురు ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. వయసులో ఉండగా ఆయన సినిమా హాళ్లకి పెద్ద పెద్ద బోర్డులు వేశాడు. హాళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాక వీడియో గేముల అట్టపెట్టెలకి బొమ్మలు వేయడానికి కుదురుకున్నాడు. మేడంత మొహాలు వేసిన చెయ్యి అరచేతిలో పట్టే మొహాలు వేయాల్సి వచ్చింది. ఆయన అందుకు చిన్నబుచ్చుకోలేదు. "గోడ చిన్నదైంది, అంతే," అనేవాడు.

ఆ రోజుల్లో గేము తెర మీద పెద్దగా ఏమీ ఉండేది కాదు. నాలుగు రంగు చుక్కలు ఒకచోట చేరితే వాడే వీరుడు. కంపెనీవాళ్లు చెబితే తప్ప వాడు మనిషో పీతో తెలిసేది కాదు. వాడికి మొహం, భుజం మీద గుడ్డ, ఆ గుడ్డని ఎగరేసే గాలి, వెనకాల ఒక సముద్రం, ఇవన్నీ ఇవ్వాల్సింది పెట్టె మీది బొమ్మే. పిల్లలు ఇంటికి తీసుకెళ్లి తెర మీద చుక్కల్ని ఆడించుకుంటూ, మనసులో మాత్రం పెట్టె మీది బొమ్మనే చూసుకునేవాళ్లు.

అంత పని చేసిన బొమ్మ కింద వేసినవాడి పేరు ఉండదు. అది ఆ వృత్తిలో కట్టుబాటు. పేరు తెలిస్తే మంచి పనివాణ్ని పక్క కంపెనీ ఎత్తుకుపోతుందని భయం. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు కదా, ఇక్కడ ఊరు గొప్పదే, పేరే లేదు.

కుజుమికి కళ్లు మసకబారుతున్నాయి. దూరం పరవాలేదు, దగ్గరివి అలుక్కుపోతాయి. అందుకని కొంతకాలంగా ఆయన ఎక్కడ ఏముండాలో బొగ్గుతో గీసి, వెనకాల ఆకాశమో సముద్రమో పరిచి కుర్చీలో వెనక్కి వాలిపోతాడు. మనుషుల్నీ మొహాల్నీ చేతుల్నీ కత్తుల్నీ వేసేది చిజురే. ఈ సంగతి కంపెనీవాళ్లకి తెలీదు. బొమ్మ తీసుకెళ్లడానికి వచ్చే మినెగిషి అనే ఉద్యోగి ప్రతిసారీ మెడ వంచి, "కుజుమిగారూ, మీ చెయ్యి ఏమాత్రం తగ్గలేదండీ!" అనేవాడు. ఆ మాట వినపడకుండా చిజురు లోపలికి వెళ్లి కుంచెలు కడిగేది. సొమ్మొకడిది సోకొకడిది అని లోపల గొణుక్కునేది.

ఆమెది ఎక్కడో ఉత్తరాన, చేపలు ఎండబెట్టుకుని బతికే ఒక దీవి. ఈ మహానగరంలో ఆమెకి తెలిసినవాళ్లు లేరు. అద్దెగది తలుపు పక్కన ఉత్తరాల డబ్బా మీద ఇదివరకు ఉన్నావిడ పేరే ఇంకా ఉంది, 'ఒనోదెరా' అని. తనకి రాసేవాళ్లు లేరు కదా, మార్చడం దేనికని చిజురు దాని జోలికి పోలేదు. పొద్దున్నే పాలాయన "ఒనోదెరాగారూ!" అని పిలుస్తాడు. మొదట్లో కాదండీ అని చెప్పాలనుకునేది. తర్వాత్తర్వాత "ఆఁ, వస్తున్నా," అనడం అలవాటైంది. కొన్ని రోజులు ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. ఆదివారాలైతే చివరి మాట కూడా అదే.

కుజుమి బొమ్మల్లో ఒక వింత ఉండేది. ఏ బొమ్మలోనైనా కుడివైపు కింది మూల ఖాళీ. కోట వేస్తే అక్కడ మంచు, అడవి వేస్తే పొగమంచు, సముద్రమైతే నురగో ఇసకో. ఏదో ఒకటి, లేత రంగులో, చదునుగా, ఏ గీతా లేకుండా. పెద్దాయన ఎడమవైపు పైనుంచి మొదలుపెడతాడు కాబట్టి ఆ మూలకి వచ్చేసరికి అలిసిపోతాడని చిజురు తీర్మానించుకుంది. గురువుగారి బద్ధకం కదా అని గౌరవంగా ఊరుకుంది.

బొమ్మ ఇచ్చేసే ముందు ఆయన ఆ మూల మీద బొటనవేలితో ఒకసారి నిమిరేవాడు. అదీ ముసలితనపు చాదస్తమే అనుకుంది.

ఆ చలికాలం కొత్త గేము వచ్చింది. పేరు 'దీపాల దీవి'. ఒక దీవిలో దీపాలన్నీ ఆరిపోతాయి, ఊళ్లో మిగిలిన ఒకే ఒక మనిషి లాంతరు పట్టుకుని వాటిని మళ్లీ వెలిగించుకుంటూ వెళ్లాలి. మినెగిషి పెట్టె వెనక వేసే రాత కూడా తెచ్చాడు. కుజుమి చదవలేడు కాబట్టి చిజురే చదివి వినిపించింది. చివర్లో 'ఆడేవారు: ఒకరు' అని ఉంది.

"గేము కూడా నా గదిలాగే ఉంది," అంది చిజురు, నవ్వుతున్నట్టుగానే.

కుజుమి నవ్వలేదు. ఆమె వైపు కాసేపు చూశాడు. ఎంతవరకు కనిపించిందో ఏమో.

మినెగిషి వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "ఒక్క మాటండీ. ఆ కింది మూల పైవాళ్లకి నచ్చడం లేదు. అక్కడికొచ్చేసరికి బొమ్మ అయిపోనట్టు ఉంటుందట. ఈసారి అక్కడ కూడా ఏదైనా వేస్తే..."

"చూద్దాం," అన్నాడు కుజుమి. ఆయన చూద్దాం అన్నాడంటే కాదని అర్థం. అది చిజురుకి తెలుసు, మినెగిషికి తెలీదు.

మినెగిషి వెళ్లిపోయాక చిజురు అడిగేసింది. ఇన్నాళ్లూ మింగలేక కక్కలేక ఉన్న ప్రశ్న.

"గురువుగారూ, మన పేరు పెట్టె మీద ఎందుకుండకూడదు?"

"ఎక్కడ వేస్తావు?"

"ఆ మూల ఖాళీగానే ఉంటుందిగా."

"ఖాళీగా ఉంటుందా?" అన్నాడు కుజుమి. ఆ మాటని చిజురు జవాబు కింద తీసుకోలేదు. పెద్దాయనకి చెవులు కూడా మందగిస్తున్నాయి కాబోలు అనుకుంది.

బొమ్మ నిజంగా గొప్పగా కుదిరింది. నల్లటి సముద్రం ముందు మనకి వీపు పెట్టి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో లాంతరు. దాని వెలుగు భుజం అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ మనిషి వీపు వేస్తున్నప్పుడు చిజురుకి ఏడుపొచ్చింది, ఎందుకో అడగడానికి పక్కన ఎవరూ లేరు. గురువుగారు కుర్చీలో కునుకు తీస్తున్నారు.

కింద కుడివైపు మూల ఎప్పట్లాగే ఖాళీ. ఆయన పరిచిన లేత ఇసక.

ఇంత బొమ్మా వేశాను, చూసినవాళ్లకి నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలియకూడదా అనుకుంది. కంపెనీవాళ్లు కూడా అక్కడేదో వేయమనే అన్నారు కదా. సన్నకుంచె తీసుకుని ఆ ఇసకలో గడ్డి మొలిపించింది. సముద్రపు గాలికి వాలిన ముదురు గడ్డి. ఆ పరకల మధ్య, వెతికితే తప్ప కనపడకుండా, తన పేరు రాసుకుంది. రాశాక గుండె దడదడలాడింది. ఆ దడ బాగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కుజుమి బొమ్మని ఒళ్లో పెట్టుకున్నాడు. దగ్గరిది ఆయనకి కనపడదు. ఆ ధైర్యంతోనే చిజురు పక్కన నిలబడింది. ఆయన బొటనవేలు మామూలుగా కింది మూలకి వెళ్లింది. నిమిరింది. ఆగింది. రంగు ఉబ్బెత్తుగా ఉన్నచోట పరక పరకనీ తడుముతూ ఆ చివరినుంచి ఈ చివరికి మెల్లగా వచ్చింది.

"గడ్డి బాగా మొలిచింది," అన్నాడు.

చిజురు ఇక తనని వెళ్లిపొమ్మంటాడనుకుంది. వెళ్లిపోవడమంటే మళ్లీ ఆ దీవికి, చేపల వాసనలోకి. ఈ గది తప్ప ఆమెకి ఊళ్లో ఇంకో గడప లేదు.

"మినెగిషి రేపు పొద్దున్న కదా వచ్చేది?" అన్నాడు కుజుమి కోటు వెతుక్కుంటూ. "రా అమ్మాయీ, అలా బజారుదాకా వెళ్లొద్దాం. నాకు కళ్లు కావాలి."

రైలుకట్ట కింద వరసగా ఉన్న దుకాణాల్లో ఒకటి పాత గేములు కొని అమ్మేది. లోపల నడిచే దారి తప్ప ఇంకేం లేదు. పైదాకా పెట్టెలే. దుకాణం నడిపే ఆవిడ పేరు తొకియె. కుజుమిని చూడగానే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇంకా రాలేదండీ."

"సరే," అన్నాడాయన. అడక్కుండానే జవాబు వచ్చిందంటే ఈ ప్రశ్న చాలాకాలం నుంచి నడుస్తోందని చిజురుకి అర్థమైంది. ఎవరు రాలేదో మాత్రం అర్థం కాలేదు.

గుమ్మం పక్కన ఒక వెదురుబుట్ట ఉంది. పెట్టెల మీద పిచ్చిరాతలున్నవన్నీ ఏ ధరకైనా పొమ్మని అందులో పడేస్తారు. కుజుమి దాని ముందు చిన్న పీట వేసుకుని కూర్చున్నాడు. ఒక పెట్టె తీసి చిజురుకి అందించాడు.

"ఏముంది, చదువు."

అది ఆయన వేసిన బొమ్మే. మంచుకోట. కింద మూలలో, తెల్లటి మంచు మీద, నల్ల మార్కరుతో అడ్డదిడ్డమైన అక్షరాలు.

"మియకే నోబొరు, మూడో తరగతి," అని చదివింది.

"ఊఁ."

ఇంకోటి. పొగమంచు మీద ఎర్రటి అక్షరాలు.

"అక్క సయోకోది. తమ్ముడు ముట్టుకోకూడదు."

కుజుమి పెదాలు కదిలాయి. "ముట్టుకునే ఉంటాడు," అన్నాడు.

పెట్టె తర్వాత పెట్టె. స్నేహితుల ఇళ్లకి ఆడుకోవడానికి తీసుకెళ్తే ఎవరిది ఎవరిదో కలిసిపోతాయని పిల్లలు పేర్లు రాసుకునేవాళ్లు. ఒకడు ఇంటి చిరునామా మొత్తం కుక్కాడు. ఒకడు తన పేరు కొట్టేసి కింద ఇంకొకడి పేరు రాశాడు. ఇచ్చేశాడో, ఓడిపోయాడో. ఒక పాప పేరు పక్కన పువ్వు వేసింది, ఆ పువ్వు నురగ మీద తేలుతున్నట్టే ఉంది. చిజురు చదువుతోంది. ఆయన ఒక్కో పేరుకీ ఊఁ కొడుతున్నాడు, బడిలో హాజరు వేస్తున్నట్టు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, ఆ మేడ మెట్లెక్కి వచ్చే చుట్టం లేడు. ఇన్నాళ్లూ ఈయన ఒంటరివాడని అనుకుంది చిజురు. ఇప్పుడూ అలాగే అనుకుంది. కానీ ఈ బుట్ట ముందు కూర్చున్నప్పుడు ఆయన మొహం వేరుగా ఉంది.

అన్నీ కుడివైపు కింది మూలలోనే ఉన్నాయి.

అప్పుడు తొకియె గల్లా కిందనుంచి ఒక పెట్టె తీసుకొచ్చింది. "ఇది కూడా చూపించండి మీ అమ్మాయికి. దీన్ని ఎవరికీ అమ్మనివ్వరు ఈయన. పోనీ ఇంటికి పట్టుకెళ్తారా అంటే అదీ లేదు."

"నేను పట్టుకెళ్తే ఎలాగమ్మా?" అన్నాడు కుజుమి. "వాడు వెతుక్కుంటూ వస్తే ఇక్కడ ఉండాలిగా."

పెట్టె పేరు 'చీకటి కోట'. చాలా పాతది, అంచులు అరిగిపోయి మెత్తబడ్డాయి. నల్లటి ఆకాశం, నల్లటి బురుజు, కింద కుడివైపు నల్లగుర్రం. గుర్రం ఎంత అందంగా ఉందంటే, ఇలాంటిది తను ఈ జన్మలో వేయలేనని చిజురుకి చూడగానే తెలిసిపోయింది. లేత రంగన్నది వెతికినా లేదు.

ఆ గుర్రం పొట్ట మీద ఏవో గీతలున్నాయి. వెలుగు వైపు తిప్పింది. మొదట మార్కరుతో రాసే ప్రయత్నం చేశారు. నలుపు మీద నలుపు, ఏమీ కనపడలేదు. తర్వాత పెన్సిలు. అదీ కనపడలేదు. చివరికి ఏ వృత్తలేఖిని మొననో పట్టుకుని గీకారు. అట్ట చిరిగి లోపలి తెల్లదనం బయటపడేదాకా, ఒక్కో అక్షరాన్నీ మళ్లీ మళ్లీ గీకారు.

"హిదెయుకి," అని చదివింది.

కుజుమి ఈసారి ఊఁ కొట్టలేదు. చెయ్యి చాచి పెట్టె తీసుకుని ఆ గీతల మీద బొటనవేలు ఉంచాడు.

"నా మొదటి పెట్టె," అన్నాడు. "అంచులదాకా చీకటే వేశాను."

పైన రైలు పోయింది. అది పోయాక తొకియె పెట్టెని మళ్లీ గల్లా కింద పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని నడిచాడు. గడ్డి మాట ఎత్తలేదు. మేడకి చేరగానే చిజురు కోటు కూడా విప్పకుండా దూది తడిపింది. పొద్దు వాలకముందే గడ్డి అంతా పోయింది, గడ్డితోబాటు పేరూ పోయింది. పోతున్నప్పుడు బాధ కలగలేదంటే అబద్ధం. ఉన్న ఒక్క రోజూ ఆ పేరు ఎంత బాగుందో ఆమెకి తెలుసు. పచ్చటి మరక మీద లేత ఇసక రంగు పరిచి, ఆరాక బొటనవేలితో నిమిరి చూసుకుంది. నున్నగా ఉంది.

మర్నాడు మినెగిషి బొమ్మ చూసి పొంగిపోయాడు. "ఆ వీపు చూడండి! కుజుమిగారూ, మీ చెయ్యి..." అంటూనే కింది మూల చూసి నీరుకారిపోయాడు. "అయ్యో, మళ్లీ అలాగే వదిలేశారేంటండీ! పైవాళ్లతో నేను మాట పడాలి. పోనీ అక్కడ మా కంపెనీ గుర్తు వేసుకుంటాం."

"వద్దండి," అంది చిజురు.

మినెగిషి వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నేళ్లలో ఈ అమ్మాయి టీ తీసుకోండి అనడం తప్ప ఇంకో మాట అనగా ఆయన వినలేదు.

"అక్కడ ఏమీ వేయకూడదు. గుర్తు కావాలంటే పైన వేసుకోండి. అక్కడే వేస్తామంటే బొమ్మ ఇవ్వం."

తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఇలా అన్నందుకు ఈ పని పోవచ్చు, దీని తర్వాత పనులూ పోవచ్చు. మినెగిషి కుజుమి వైపు చూశాడు. కుజుమి టీ ఊదుకుంటున్నాడు.

"అమ్మాయి చెప్పింది కదా," అన్నాడు.

మినెగిషి నిట్టూర్చి బొమ్మని గుడ్డలో చుట్టుకున్నాడు. వెళ్తూ ఎప్పట్లా కుజుమికి మెడ వంచాడు. ఒక్క క్షణం ఆగి, ఎందుకైనా మంచిదన్నట్టు, చిజురుకి కూడా వంచాడు.

చెర్రీపూలు రాలే రోజుల్లో అచ్చయిన పెట్టె వచ్చింది. మచ్చుకి ఒక్కటి పంపారు. మూత తీస్తే కొత్త అట్ట వాసన. కంపెనీ గుర్తు పైన ఎడమవైపు ఉంది. కింద లేత ఇసక, దాని మీద ఏమీ లేదు.

"వెనక ఏం రాశారో చదువు," అన్నాడు కుజుమి.

ఇదివరకు చదివిందే. అయినా చదివింది. "దీవిలో దీపాలన్నీ ఆరిపోయాయి. నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు. లాంతరు తీసుకో. దారి పొడుగు."

"ఇంకా?"

"ఆడేవారు: ఒకరు."

"ఎవరట?"

చిజురు తలెత్తింది. ఆయన రంగుల డబ్బాలో చెయ్యిపెట్టి, తడుముకుంటూ తడుముకుంటూ ఒక నల్ల మార్కరు పైకి తీశాడు. చాప మీద ఆమె వైపు తోశాడు.

పెట్టెని ముందువైపుకి తిప్పింది. తనే వేసిన ఆ మనిషి ఇంకా వీపు పెట్టే నిలబడి ఉన్నాడు. మార్కరు మూత తీసింది. మూడో తరగతి పిల్లలా నాలుక పంటికింద పెట్టుకుని, ఇసక మీద, అందరికీ కనపడేంత పెద్దగా తన పేరు రాసింది. సిరా ఆరేదాకా ఊదింది.

"చదువు," అన్నాడు కుజుమి.

"చిజురు."

"ఊఁ."

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ ఆమె గడప దగ్గర ఆగింది.

"గురువుగారూ, ఈ మార్కరు ఈ రాత్రికి పట్టుకెళ్తాను. ఇంటి దగ్గర, తలుపు పక్కన, చిన్న పనుంది."

ఏం పని అని ఆయన అడగలేదు.